పాత కాలేజీ ఫుట్‌బాల్ కాగితాలూ, కత్తెర పట్టిన వర్తకులూ

అమెరికన్ ఫుట్‌బాల్ అనగానే మనవాళ్ళలో చాలామంది మొహం చిట్లిస్తారు. కాలితో తన్నేది తక్కువ, చంకన పెట్టుకుని పరుగెత్తేది ఎక్కువ, దీనికి ఫుట్‌బాల్ అని పేరేమిటని ఎద్దేవా చేస్తారు. పేరును సమర్థించే పని నేను పెట్టుకోను. ఆట నియమాలు విడమరచి చెప్పే ఉద్దేశమూ లేదు. ఆ ఆట కళాశాలల మైదానాల్లో పుట్టి పెరిగిన తొలి యాభై ఏళ్ళలో మిగిల్చిపోయిన కాగితాలను గురించి మాత్రమే రాయదలచుకున్నాను. వాటిని సేకరించేవాళ్ళు ఈ దేశంలో తక్కువమందేమీ కాదు. కొన్నేళ్ళుగా నేనూ ఆ గుంపులో చివరి వరుసలో నిలబడ్డాను, జేబు చిన్నది కనుక. ఆ చివరి వరుసలోంచి చూస్తే నాకు కనిపించినదేమిటంటే, ఈ సేకరణ లోకంలో విలువ కట్టే పద్ధతి తలకిందులుగా ఉంది. దేనికి ఎక్కువ ధర పలుకుతోందో దానివల్ల మనకు తెలిసేది తక్కువ. దేనివల్ల ఎక్కువ తెలుస్తుందో దాన్ని ముక్కలు చేసి అమ్ముకుంటున్నారు.

మొదటి ఆటతోనే మొదలుపెడతాను. 1869 నవంబరు 6న న్యూజెర్సీలోని న్యూ బ్రన్స్‌విక్‌లో రట్గర్స్ విద్యార్థులకూ ప్రిన్స్‌టన్ విద్యార్థులకూ జరిగిన పోటీని కళాశాలల మధ్య జరిగిన తొలి ఫుట్‌బాల్ ఆటగా లెక్కిస్తారు. పక్షానికి ఇరవై అయిదుగురు. రట్గర్స్ 6-4తో నెగ్గింది. చూడవచ్చినవాళ్ళు సుమారు వందమంది, కొందరు కొయ్య కంచె మీద ఎక్కి కూర్చున్నారు. ఎవరు ఏ పక్షమో తెలియడానికి రట్గర్స్ కుర్రాళ్ళు ఎర్ర గుడ్డలు తలపాగాల్లా చుట్టుకున్నారట. (తలపాగా చుట్టుకుని ఆడిన ఆటంటే మనకు కొంచెం ఆత్మీయంగా ఉండవద్దూ!) ఆ మైదానం ఉన్నచోట ఇప్పుడు విశ్వవిద్యాలయం వారి వ్యాయామశాల, దాన్ని ఆనుకుని కార్లు నిలిపే స్థలం ఉన్నాయి. ఎడిసన్ పరిసరాల్లో కాపురముండే తెలుగువాళ్ళకు అదేమంత దూరం కాదు. రట్గర్స్‌లో చదివిన మన పిల్లలు ఎందరో ఆ చారిత్రక భూమిలోనే కారు నిలపడానికి చోటు దొరక్క విసుక్కుని ఉంటారు.

ఆ ఆటకు టిక్కెట్టు లేదు, ప్రోగ్రాం పుస్తకం లేదు. ఆరోజు ఏం జరిగిందో కాస్తయినా తెలుస్తున్నదంటే అందుకు ముఖ్యమైన ఆధారం, ఆ ఏడాదే పుట్టిన ‘టార్గం’ అనే విద్యార్థి పత్రిక వేసిన వార్త. తరవాత కొందరు ఆటగాళ్ళు ముసలితనంలో జ్ఞాపకం చేసుకుని చెప్పిన మాటలు. అంతే. కొనుక్కుని అద్దాల బీరువాలో పెట్టుకోదగిన వస్తువేదీ దాని నుంచి పుట్టలేదు. ఒక విద్యార్థి పత్రిక లేకపోతే ఈ ఆటకు ఆదిపర్వమే లేదన్నమాట. సేకరణ గురించి మాట్లాడే ముందు ఇది గుర్తుంచుకోవడం మంచిది.

వస్తువులు పుట్టడం ఆటకు జనం కూడడం మొదలయ్యాక. యేల్ కళాశాలకు చెందిన వాల్టర్ క్యాంప్ పూనికతో 1880లో పక్షానికి పదకొండుమంది అన్న నియమం స్థిరపడింది. ఆ తరవాతి ఇరవై ఏళ్ళలో యేల్, హార్వర్డ్, ప్రిన్స్‌టన్‌ల పోటీలు చూడడానికి వేలకొద్దీ జనం టిక్కెట్టు కొని రాసాగారు. రంగురంగుల ముఖచిత్రాల ప్రోగ్రాం పుస్తకాలు, ఉన్ని గుడ్డతో కుట్టిన మూడుమూలల జెండాలు, జట్టంతా కూర్చుని దిగిన దళసరి అట్ట ఫోటోలు, పోస్టుకార్డులు, కళాశాల పాటల స్వరపుస్తకాలు, వీటన్నిటికీ అదే కాలం. ఫోటోల్లో నాయకుడి ఒళ్ళో బంతి, బంతి మీద తెల్లరంగుతో వేసిన సంవత్సరం. కుర్రాళ్ళు మీసాలు దువ్వుకుని, ఒక్కరూ నవ్వకుండా, మన తాతల కాలపు పెళ్ళి ఫోటోల్లోలాగే బిగుసుకుని ఉంటారు. తోలు టోపీలు, ముక్కుకు కట్టుకునే రబ్బరు తొడుగులు కూడా సేకర్తలకు ప్రియమే. శిరస్త్రాణం తప్పనిసరి అన్న నియమం కళాశాలల ఆటలో 1939 దాకా రాలేదు, కనుక ముక్కును కాపాడుకుని తలను గాలికి వదిలేసిన కాలమది.

ఇక అందరూ ఎగబడేవి పొగాకు కంపెనీల బొమ్మకార్డులు. సిగరెట్ పెట్టెలో అట్ట వంగకుండా పెట్టిన చిన్న ముక్క, దాని మీద ఒక బొమ్మ. 1888లో గుడ్విన్ కంపెనీ వేసిన యాభై కార్డుల్లో యేల్ ఆటగాడు బీచర్‌ది ఒకటుంది. తొలి ఫుట్‌బాల్ కార్డు అదేనంటారు. పూర్తిగా ఫుట్‌బాల్ ఆటగాళ్ళతోనే వేసిన తొలి వరస 1894 నాటి మేయో కట్ ప్లగ్ వారిది. వర్జీనియాలోని రిచ్మండ్‌కు చెందిన పొగాకు కంపెనీ అది. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్‌ల నుంచి ముప్ఫయి అయిదుగురు. నల్లటి అంచు, మధ్యలో ఆటగాడి బొమ్మ. అందులో ఒక కార్డు మీద పేరు అచ్చుకాలేదు. హార్వర్డ్‌కు చెందిన జాన్ డన్‌లప్ బొమ్మ అది. మొత్తం వరసలో అదే అపురూపమైనది. పేరు పడిన ముప్ఫైనాలుగు మందిని ఎవరూ అంతగా తలచుకోరు, పేరు పడనివాడి పేరు మాత్రం సేకర్తలందరికీ కంఠతా వచ్చు. లోకరీతి!

ఈ కార్డులంటే నాకు ద్వేషమేమీ లేదు. చూడముచ్చటగా ఉంటాయి. కానీ కార్డు చెప్పేది ఎంత? ఒక ముఖం, ఒక పేరు, ఒక కళాశాల. ఎవరో పొగాకు అమ్ముకోవడానికి ఎంపిక చేసిన ముఖాలు అవి. ఇప్పుడు దాన్ని ధ్రువీకరణ సంస్థకు పంపితే వాళ్ళు మూలలు నలిగాయా, బొమ్మ సరిగ్గా మధ్యకు అచ్చయిందా అని చూసి, ఒకటి నుంచి పది వరకు గ్రేడు వేసి, తెరవరాని ప్లాస్టిక్ పలకలో బిగించి పంపుతారు. ఆ అంకెను బట్టి ధర. ఒకటే కార్డు, రెండు అంకెలు, వాటి మధ్య ధరలో ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. చేతులు మారనిది, ఎవరూ ఆడుకోనిది, ఏ కుర్రాడూ జేబులో వేసుకుని తిరగనిది ఉత్తమం. అంటే, ఏ అనుభవమూ ఎరగని కాగితం ఉత్తమమన్నమాట.

జెఫర్సన్ బర్డిక్ ఇలా ఆలోచించలేదు. న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో ఒక విద్యుత్ పరికరాల కంపెనీలో ఉద్యోగి. కీళ్ళవాతంతో వేళ్ళు వంకర్లు పోయిన మనిషి. 1939లో ఆయన వేసిన జాబితాయే తరవాత ‘అమెరికన్ కార్డ్ కేటలాగ్’గా స్థిరపడింది. సేకర్తలు ఇవాళ వాడే సంకేతాలు దాన్నుంచి వచ్చినవే. పైన చెప్పిన మేయో వరసను ఎన్302 అంటారంటే ఆ ‘ఎన్’ బర్డిక్ పెట్టినదే. మూడు లక్షలకు పైబడిన కార్డులూ అచ్చుకాగితాలూ న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఉచితంగా ఇచ్చి, 1947 మొదలు ఏళ్ళ తరబడి అక్కడికి వెళ్ళి తన చేతులతోనే ఆల్బముల్లో సర్ది అతికించాడు. ఆ పని 1963 జనవరిలో ముగిసింది, మార్చిలో ఆయన కన్నుమూశాడు. నేటి ధ్రువీకరణ సంస్థల లెక్కలో జిగురు అంటించిన కార్డంటే పాడయిపోయిన కార్డు. ఆ లెక్కన ఈ దేశపు అతిగొప్ప కార్డుల సేకరణ అంతా పాడయిపోయిన సరుకే. నా మటుకు నాకు, ఆ లెక్కలోనే ఏదో తేడా ఉందని నిరూపించడానికి బర్డిక్ ఆల్బములు చాలు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఆ కాలపు విద్యార్థులకు స్క్రాప్‌బుక్కులు పెట్టుకునే అలవాటుండేది. నల్లటి దళసరి కాగితాల పుస్తకం. అందులో ఆట టిక్కెట్టు చించగా మిగిలిన ముక్క, దాని పక్కనే ఆ ఊరికి వెళ్ళిన రైలు వేళల కాగితం, ఆ రాత్రి విందులో వడ్డించిన పదార్థాల పట్టిక, ఆట మీద వచ్చిన వార్తల కత్తిరింపులు, అంచుల్లో పెన్సిలుతో పరిహాసాలు. ఇవన్నీ ఒక వరసలో ఉన్నప్పుడు ఆ కుర్రాడి నాలుగేళ్ళ చదువు కళ్ళకు కడుతుంది. ఆట చూడడానికి ఎంత దూరం వెళ్ళాడు, ఎవరితో వెళ్ళాడు, ఓడిపోయినరోజు ఏం తిన్నాడు, ఇవి ఏ చరిత్ర పుస్తకంలోనూ దొరకవు.

అలాంటిదొకటి, పెన్సిల్వేనియాలోని ఒక చిన్న కళాశాలలో 1890లలో చదివిన విద్యార్థిది, కొన్నేళ్ళ క్రితం అంతర్జాలంలో అమ్మకానికి వచ్చింది. ధర నాకు అందేది కాదు. ఏదో ఒక గ్రంథాలయం కొంటే బాగుండునని, ఆ కళాశాల పత్రాలను భద్రపరిచే విభాగానికి ఉత్తరం రాశాను. వాళ్ళు మర్యాదగా జవాబిచ్చారు, నిధులు లేవన్నారు. నెల తిరక్కుండా అదే పుస్తకం మళ్ళీ కనిపించింది, ఈసారి పుటలుగా, పుటల్లోంచి ఊడదీసిన ముక్కలుగా. టిక్కెట్టు ముక్క వేరు, ఫోటో వేరు, జెండా వేరు. ప్రతిదానికీ విడి వేలం. రైలు కాగితాలూ విందు పట్టికలూ అసలు కనిపించనే లేదు. పెన్సిలు రాతలున్న నల్ల కాగితం ఎక్కడికి పోయి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ఆ వర్తకుడు చట్టవిరుద్ధమైన పనేమీ చేయలేదు. కొన్నది అతని సొమ్ము, అమ్ముకున్నది అతని హక్కు. ఆవును పాలకోసం కొన్నవాడు మాంసానికి అమ్ముకుంటే అడిగేదెవరు?

ఇది అమెరికావాళ్ళ జబ్బు మాత్రమే అనుకోనక్కరలేదు. మన గ్రంథాలయాల్లో పాత మాసపత్రికలను బైండు చేయించేటప్పుడు ముఖపత్రాలూ ప్రకటనల పుటలూ ‘పనికిరానివని’ చింపేసిన సంగతి పాత సంపుటాలు తిరగేసిన మిత్రులందరికీ తెలుసు. ఆ కాలంలో సబ్బు ధరెంతో, ఏ ఊళ్ళో ఏ నాటకమాడారో చెప్పే పుటలు అవే. అక్కడ బైండరు చేసిన పనిని ఇక్కడ వర్తకుడు చేస్తున్నాడు. తేడా ఒక్కటే: బైండరు పనికిరాదనుకున్నది పారేశాడు, వర్తకుడు డబ్బు రానిది పారేస్తున్నాడు.

పనికిరాని కాగితం ఎంత పనికి వస్తుందో ఒక్క ఉదాహరణ చెబుతాను. యేల్ జట్టులో మహాబలుడని పేరుపొందిన పజ్ హెఫెల్‌ఫింగర్ చదువు ముగిశాక 1892 నవంబరు 12న పిట్స్‌బర్గ్‌లో అలగేనీ అథ్లెటిక్ అసోసియేషన్ తరఫున ఆడాడు. డబ్బు తీసుకుని ఆడిన మొదటి ఆటగాడు ఆయనేనని ఇవాళ అందరూ ఒప్పుకుంటారు. ఆ మాట చెప్పింది ఏ పత్రికా కాదు, ఏ బొమ్మకార్డూ కాదు. ఆ సంఘం వారి ఖర్చుల లెక్క కాగితం. అందులో ఆయనకు 500 డాలర్లు ఇచ్చినట్లు రాసి ఉంది. 1960లలో అది బయటపడేదాకా 1895లో పది డాలర్లు పుచ్చుకున్న మరొక కుర్రాడికి ఆ గౌరవం దక్కుతూ వచ్చింది. ఒహాయోలోని కాంటన్‌లో ఉన్న ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ మ్యూజియం వారు ఆ కాగితాన్ని ఈ వృత్తికి జన్మపత్రికలా చూసుకుంటున్నారు. చిట్టా కాగితం! దానికి మూలలు నలగలేదా అని ఎవరైనా అడుగుతారా?

దీనికన్నా నన్ను కలవరపెట్టేది మరొకటి. అచ్చయినవాళ్ళకే ధర. అచ్చుకానివాళ్ళ సంగతేమిటి? 1892 డిసెంబరు 27న ఉత్తర కెరొలైనాలోని సాల్స్‌బరీలో నల్లజాతివారి కళాశాలలైన బిడిల్, లివింగ్‌స్టన్ తలపడ్డాయి. ఆ కళాశాలల మధ్య జరిగిన తొలి ఫుట్‌బాల్ ఆట అది. మంచు కురుస్తున్న రోజు. లివింగ్‌స్టన్ కుర్రాళ్ళు తలా కొంత వేసుకుని బంతి కొన్నారనీ, మామూలు బూట్లకే మేకులు బిగించి ఆడి, ఆట కాగానే ఊడదీసి వాటినే రోజూ తొడుక్కున్నారనీ చెబుతారు. బిడిల్ నెగ్గింది. రెండేళ్ళ తరవాత మేయో కంపెనీ కార్డులు వేసినప్పుడు వాళ్ళలో ఒక్కరి బొమ్మా లేదు, ఉండదు కూడా. ఆరోజు మైదానంలో ఉన్నవాళ్ళు రాసుకున్న ఉత్తరమో దినచర్యో ఏదైనా పాత పెట్టెలో దొరికితే దాని ముందు డన్‌లప్ కార్డు ఎంత! కానీ వేలం జాబితాల్లో దాన్ని వేయడానికి ఒక శీర్షిక కూడా లేదు.

కార్లైల్ సంగతి ఇంకా చిక్కుగా ఉంటుంది. పెన్సిల్వేనియాలోని కార్లైల్‌లో 1879లో రిచర్డ్ హెన్రీ ప్రాట్ స్థాపించిన ఇండియన్ పాఠశాల ఫుట్‌బాల్‌కు పెట్టింది పేరు. 1911లో హార్వర్డ్‌ను 18-15తోనూ, 1912లో వెస్ట్‌పాయింట్ సైనిక కళాశాలను 27-6తోనూ ఓడించారు. జిమ్ థోర్ప్ ఆ జట్టువాడే. ఆ వెస్ట్‌పాయింట్ జట్టులో తరవాత దేశాధ్యక్షుడయిన ఐసెన్‌హోవర్ ఉన్నాడు. కథ బాగుంది కనుక కార్లైల్ ప్రోగ్రాం పుస్తకాలకూ ఫోటోలకూ గిరాకీ బాగా ఉంది. ఆ పాఠశాల ఏమిటి? దేశం నలుమూలల నుంచి మూలవాసుల పిల్లలను తెచ్చి, జుట్టు కత్తిరించి, పేర్లు మార్చి, తమ భాషలో మాట్లాడనివ్వకుండా పెంచిన చోటు. చనిపోయిన పిల్లల సమాధులు నూటయాభైకి పైగా అక్కడే ఉండిపోయాయి. 2017 నుంచి కొందరి అస్థికలను వారి తెగలకు అప్పగిస్తున్నారు. 1918లో మూతపడిన ఆ పాఠశాల స్థలాన్ని 2024 డిసెంబరులో జాతీయ స్మారక స్థలంగా ప్రకటించారు. ఫుట్‌బాల్ విజయాలు ఆ పాఠశాలకు గొప్ప ప్రచారం. అంచేత కార్లైల్ జట్టు ఫోటో ఒక్కటే ఫ్రేము కట్టి గోడకు తగిలించుకుంటే ఆ ప్రచారాన్నే మనం ఇప్పటికీ కొనసాగిస్తున్నట్టు. భాష కోసం రాత్రింబవళ్ళు తాపత్రయపడే మనబోటివాళ్ళకు ఈ మాట వేరే వివరించనక్కరలేదు. ఆ ఊళ్ళోనే ఉన్న డికిన్సన్ కళాశాల వారు పాఠశాల దస్త్రాలను అంకీకరించి అందరికీ అందుబాటులో ఉంచారు. అందులో ఒక్కొక్క పిల్లవాడి పేరు మీద కాగితాలు దొరుకుతాయి. జట్టు ఫోటోను ఆ కాగితాల పక్కన పెట్టి చూడాలి. విడిగా చూస్తే అది అబద్ధం చెబుతుంది.

ఒక కాగితం ఏం చేయగలదో చెప్పడానికి జాక్ ట్రైస్ ఉత్తరాన్ని మించినది నాకు తెలియదు. ఐయోవా స్టేట్ కళాశాల తరఫున ఆడిన తొలి నల్లజాతి ఆటగాడు ఆయన. 1923 అక్టోబరు 5 రాత్రి మినియాపొలిస్‌లో హోటలు కాగితం మీద, తెల్లవారితే జరగబోయే ఆటలో తన జాతి, తన కుటుంబం, తన పరువు అన్నీ పణంగా ఉన్నాయని తనకు తానే రాసుకున్నాడు. ఆటలో తగిలిన దెబ్బలతో 8వ తేదీన చనిపోయాడు. ఉత్తరం ఆయన కోటు జేబులో దొరికింది. కళాశాల వారు దాచిపెట్టారు. ఆయన పేర వేసిన ఫలకం వ్యాయామశాలలో దుమ్ము కొట్టుకుపోయింది. 1970లలో విద్యార్థులు ఆ కథ తవ్వి తీసి పోరాటం మొదలుపెట్టారు. 1984లో మైదానానికి ఆయన పేరు వచ్చింది, 1997లో స్టేడియానికే పెట్టారు. ఆ ఉత్తరం 1923లోనే ఎవరి చేతిలోనో పడి, వేలాలు తిరిగి, ఏ ధనవంతుడి భోషాణంలోనో పడి ఉంటే? మైదానం పేరు మరొకటయ్యేది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ధర లేకపోతే ఈ కాగితాల్లో సగం చెత్తబుట్ట పాలయ్యేవని వర్తకులు అంటారు. ఆ మాట నిజమే. ముసలాయన పోయాక అటక ఖాళీ చేసే మనవలు, దీనికేదో డబ్బు వస్తుందన్న ఆశతోనే పెట్టె తెరుస్తారు. ప్లాస్టిక్ పలక చెమట చేతుల నుంచీ చెదల నుంచీ కాపాడుతుందనీ ఒప్పుకుంటాను. సంస్థలకు ఇస్తే శాశ్వతమన్న భ్రమా నాకు లేదు. కాలేజ్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌నే చూడండి. 1978లో ఒహాయోలో తెరిచారు, 1995లో ఇండియానాలోని సౌత్ బెండ్‌కు మార్చారు, 2014లో అట్లాంటాకు మార్చారు. అద్దె ఇళ్ళలో కాపురం చేసే మనకు సామాను మూడుసార్లు మోస్తే ఏమవుతుందో తెలియనిది కాదు. ఇవన్నీ ఒప్పుకున్నాకకూడా, స్క్రాప్‌బుక్కును కోయడం కాపాడడం కిందికి రాదు. ధర అన్నది పెట్టెను తెరిపించింది, బాగానే ఉంది. తెరిచాక కత్తెర అందించింది కూడా అదే.

కనీసం ఒక్క నియమం మీద సేకర్తలు నిలబడవచ్చు. కోసిన పుస్తకంలోంచి వచ్చిన ముక్క అని తెలిస్తే కొనకూడదు. కొనేవాడు లేకపోతే కోసేవాడు ఉండడు. ఒకవేళ అప్పటికే కోసేసిందైతే, అమ్మకానికి పెట్టిన బొమ్మలన్నిటినీ వరసగా దించుకుని దాచుకోవడం పైసా ఖర్చులేని పని. పెన్సిల్వేనియా కుర్రాడి పుస్తకం విషయంలో నేను అదే చేశాను. మొదటి ప్రకటనలోని పుటల ఫోటోలూ, తరవాతి ముక్కల ఫోటోలూ పక్కపక్కన పెట్టి ఏది ఎక్కడిదో గుర్తించి, ఆ కట్టను కళాశాల వారికి పంపాను. ఈసారి నిధుల ప్రసక్తి రాలేదు, తీసుకున్నారు.

నేనేం కొంటానని అడుగుతారేమో. స్పాల్డింగ్ కంపెనీ ఏటా వేసిన ఫుట్‌బాల్ గైడులు. అప్పట్లో పది సెంట్లు. క్యాంప్ సంపాదకత్వంలో వచ్చిన నియమాలు, వెనక పొట్టి పుటల్లో ఊరూపేరూ తెలియని చిన్న కళాశాలల, ఉన్నత పాఠశాలల జట్ల ఫోటోలు, కింద అందరి పేర్లూ. అట్టలు ఊడిపోయినవి చవగ్గా దొరుకుతాయి. నా దగ్గరున్న వాటిలో ఒకదానిలో 1906 నాటి కొత్త నియమాల పక్కన, బంతిని ముందుకు విసరవచ్చునన్న చోట, ఎవరో పెన్సిలుతో మూడు ప్రశ్నార్థకాలు వేశారు. అంతకుముందు ఏడాది ఆటలో చావులు ఎక్కువై, అధ్యక్షుడు రూజ్వెల్ట్ పెద్ద కళాశాలల వారిని శ్వేతసౌధానికి పిలిపించి మాట్లాడాక వచ్చిన నియమం అది. గ్రేడు వేసేవారి దృష్టిలో ఆ మూడు ప్రశ్నార్థకాలు మూడు మచ్చలు.

ఒహాయోలోనో, పెన్సిల్వేనియాలోనో, ఐయోవాలోనో ఉంటున్న మిత్రులకు ఒక మనవి. శనివారం ఉదయం యార్డ్ సేల్స్‌కు వెళ్ళే అలవాటు మనలో చాలామందికి ఉంది. పిల్లల సైకిలు కోసమో, పుస్తకాల బీరువా కోసమో వెళ్ళినచోట నల్ల కాగితాల ఆల్బమొకటి కనిపిస్తే, అందులో ఫుట్‌బాల్ టిక్కెట్టు ముక్క ఉంటే, అమ్మేవాళ్ళను అడిగి పుటలన్నీ ఫోటో తీసుకోండి. లోపల కళాశాల పేరుంటే వాళ్ళ గ్రంథాలయానికి ఒక ఉత్తరం ముక్క రాయండి. ఎవరికి రాయాలో తెలియకపోతే నాకు రాయండి, నేను వెతికి పెడతాను.